నడుముకు పిస్తోలుతో కొట్టులోకి వస్తున్నారు, తలుపు మీద బోర్డు పెట్టనా?

పప్పులడబ్బా
డాలస్‌కు ఉత్తరాన నాకు చిన్న ఇండియన్ స్టోరు ఉంది. పదకొండేళ్లుగా నడుపుతున్నాను. మొన్న శనివారం సాయంత్రం, తాజా కూరగాయలు దిగిన వేళ, కొట్టు కిటకిటలాడుతోంది. ఒకాయన భార్యతో వచ్చాడు. చొక్కా లోపలికి దోపుకున్నాడు, బెల్టుకు నల్లటి హోల్‌స్టర్, పిస్తోలు పిడి మొత్తం బయటికి కనిపిస్తోంది. అక్కడే ఒక పెద్దావిడ బెండకాయల పెట్టె మీదికి వంగి ఒక్కొక్క కాయ చివర విరిచి చూసుకుంటున్నారు. తల ఎత్తేసరికి ఆ పిడి ఆమె కళ్లకు జానెడు దూరంలో ఉంది. ఏరుకున్న బెండకాయల సంచి పెట్టెలోనే వదిలేసి, ఒక్క మాట మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయారు.

ఆయన తప్పేమీ చేయలేదు. రెండు పనీర్ ప్యాకెట్లు, ఒక మామిడి గుజ్జు డబ్బా కొని, నవ్వుతూ డబ్బిచ్చి వెళ్లాడు. ఆ పెద్దావిడ మాత్రం మళ్లీ రాలేదు.

మా అబ్బాయి ‘చట్టం ఒప్పుకుంటుంది నాన్నా, మనం ఏమీ అనకూడదు’ అంటాడు. మా ఆవిడ బోర్డు పెట్టమంటుంది. నేను అడిగేవి రెండు. బోర్డు పెడితే చెల్లుతుందా? అసలు ఈ చట్టం ఎవరు అడిగితే వచ్చింది? నేను అప్పుడూ ఇక్కడే ఉన్నాను, ఓటు కూడా ఉంది. నాకు ఎందుకు తెలియలేదు?

ఫ్రిస్కో ఫణి
చెల్లుతుంది. మీ కొట్టు, మీ ఇష్టం. కాకపోతే తుపాకీ బొమ్మ మీద అడ్డగీత గీసిన స్టిక్కరు అంటిస్తే చాలదు.

నిబంధనలరావు
ఫణి గారి మాట నిజమే, వివరంగా చెబుతాను. టెక్సస్ శిక్షాస్మృతిలో 30.06 అనే సెక్షన్ లైసెన్సు ఉన్నవారు దాచుకుని తెచ్చే పిస్తోలు గురించి, 30.07 బయటికి కనిపించే పిస్తోలు గురించి. 2021 తర్వాత లైసెన్సు లేకుండా తెచ్చేవారు కూడా ఉన్నారు కదా, వారికి 30.05. అందుకే మొత్తానికే వద్దనుకునే దుకాణాల తలుపు మీద మూడు బోర్డులు కనిపిస్తాయి. మాటలు చట్టంలో ఎలా ఉన్నాయో అలాగే రాయాలి. ఇంగ్లీషులో, స్పానిష్‌లో రెండింటిలోనూ ఉండాలి. అక్షరం ఎత్తు కనీసం ఒక అంగుళం, వెనక రంగుకు విరుద్ధమైన రంగు. 30.07 బోర్డు ప్రతి ప్రవేశద్వారం దగ్గరా ఉండాలి, కనుక వెనక తలుపు నుంచి కూడా జనం వస్తుంటే అక్కడా పెట్టండి.

బోర్డు చూసి కూడా లోపలికి వస్తే 200 డాలర్ల వరకు జరిమానా. మీరు నోటితో ‘వెళ్లండి’ అన్నాక కూడా కదలకపోతే నేరం స్థాయి పెరుగుతుంది. బోర్డు లేకపోయినా నోటిమాట చెల్లుతుంది. అయితే నడుముకు తుపాకీ ఉన్న మనిషికి నోటితో చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. బోర్డు చేసే మేలు అదే, మీ తరఫున అది చెబుతుంది.

కడప కారం
అంగుళం అక్షరాలు, రెండు భాషలు, మూడు బోర్డులు! ఇక ఆవకాయ ఆఫర్ ఎక్కడ అంటిస్తారు?

తులసికోట
తెలుగులో కూడా రాయించండి బాబాయ్. మా అత్తగారికి ధైర్యంగా ఉంటుంది.

గురిచూపు
పప్పులడబ్బా గారి రెండో ప్రశ్నకు జవాబు నేను చెప్పాలి, ఎందుకంటే ఈ చట్టం కావాలని అడిగినవాళ్లలో నేనూ ఒకడిని. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

టెక్సస్ అంటే తుపాకుల రాజ్యం అనుకుంటాం. కానీ 1871 నుంచి ఇక్కడ సామాన్యుడు బయట పిస్తోలు పెట్టుకుని తిరగడం నేరం. అంతర్యుద్ధం తర్వాత పునర్నిర్మాణ కాలంలో వచ్చిన చట్టం అది. రైఫిల్ భుజాన వేసుకుని వీధిలో నడవవచ్చు, చిన్న పిస్తోలు నడుముకు పెట్టుకోకూడదు! 1991 అక్టోబరు 16న కిలీన్‌లో లూబీస్ అనే భోజనశాలలో ఒకడు 23 మందిని చంపాడు. ఆ రోజు అక్కడ తల్లిదండ్రులతో భోజనం చేస్తున్న సుజానా హప్ తన పిస్తోలు చట్టానికి భయపడి కారులో వదిలి వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ ఆ కాల్పుల్లోనే పోయారు. ఆమె రాష్ట్రమంతా తిరిగి ఆ కథ చెప్పింది. 1995లో జార్జి బుష్ గవర్నరుగా ఉన్నప్పుడు దాచుకుని పెట్టుకోవడానికి లైసెన్సు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది ఆమె శాసనసభకు ఎన్నికైంది.

బయటికి కనిపించేలా పెట్టుకునే హక్కు కోసం మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 2013 నుంచి చిన్న చిన్న బృందాలు కట్టి, చట్టం ఒప్పుకునే రైఫిళ్లు భుజాన వేసుకుని ఊరేగారు. 1899కి ముందు నాటి నమూనా పిస్తోళ్లు చట్టం దృష్టిలో తుపాకులు కావు కనుక, నల్లమందు దట్టించే పాతకాలపు రివాల్వర్లు నడుముకు కట్టుకుని కూడా తిరిగారు. రైఫిళ్లతో హోటళ్లలోకి వెళ్లడం నాకు నచ్చలేదు. 2014లో చిపోట్లే అనే హోటళ్ల సంస్థ తన హోటళ్లలోకి తుపాకులు తేవద్దని కోరింది దాని వల్లనే. తుపాకీ హక్కుల కోసం పోరాడే పెద్ద సంఘం ఎన్‌ఆర్‌ఏ కూడా ముందు ఈ పద్ధతిని తప్పుపట్టి, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంది.

నేను వెళ్లింది 2015 ఫిబ్రవరిలో, ఈ బిల్లు మీద రాష్ట్ర సెనేట్ కమిటీ జరిపిన విచారణకు. అప్పటికి ఆరేళ్లుగా పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ. రెండుసార్లు దోపిడీ జరిగింది. లైసెన్సు ఉంది, చొక్కా కింద పిస్తోలు ఉంది. ఎండాకాలంలో పై అరలో సిగరెట్ పెట్టె అందుకోబోతే చొక్కా పైకి జరిగేది, ఎవరైనా చూసి ఫిర్యాదు చేస్తారేమోనని ఎడమచేత్తో చొక్కా లాక్కుంటూ కుడిచేత్తో పెట్టె తీసేవాణ్ణి. కమిటీ ముందు ఆ ఒక్క సంగతే చెప్పాను. ఉదయం ఏడింటికి పేరు నమోదు చేసుకుంటే నా వంతు వచ్చేసరికి చీకటి పడింది. రెండు మూడు నిమిషాల్లో ముగించాలి. గొంతు ఎండిపోయింది, చేతిలో కాగితం చెమటకు మెత్తబడి అక్షరాలు అలుక్కుపోయాయి. ఒక సెనేటరు తల ఎత్తి చూసి, మా బంకు ఏ వీధిలో ఉందో అడిగాడు. అంతే.

జూన్ 13న గవర్నరు గ్రెగ్ ఆబట్ సంతకం చేశాడు. 2016 జనవరి 1 నుంచి అమలు. అప్పట్లో లైసెన్సు ఉండాలి, పిస్తోలు బెల్టుకో భుజానికో ఉన్న హోల్‌స్టర్‌లోనే ఉండాలి. ఆ పద్ధతే నేను కోరింది. పప్పులడబ్బా గారూ, మీకు తెలియకపోవడానికి కారణం ఒకటే, ఆ రోజు ఆ గదిలో తెలుగు ముఖం నాది తప్ప ఇంకొకటి నాకు కనిపించలేదు.

పప్పులడబ్బా
మీరు అంత దూరం వెళ్లి చెప్పినందుకు గౌరవం కలుగుతోంది. నేను ఒప్పుకుంటానో లేదో వేరే విషయం. 2015 ఫిబ్రవరిలో నేను కొట్టు అద్దె ఒప్పందం కోసం తిరుగుతున్నాను. వార్తల్లో చూసే ఉంటాను, పట్టించుకుని ఉండను.

ఎర్రచొక్కా
గురిచూపు గారూ, మీ కథ చదివి చాలాసేపు ఆలోచించాను. మీ భయం నిజం. అయితే మీరు కోరిన చట్టం అక్కడ ఆగలేదు కదా. 2021లో లైసెన్సే అక్కర్లేదన్నారు. అప్పుడు వ్యతిరేకంగా నమోదు చేసుకున్నవాళ్లలో నేనున్నాను.

నేను ఈ పనిలోకి వచ్చింది 2012 డిసెంబరు తర్వాత. శాండీ హుక్ బడిలో కాల్పులకు 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్లు చనిపోయారు. మరుసటి రోజే ఇండియానాలో షానన్ వాట్స్ అనే తల్లి ఫేస్‌బుక్‌లో ఒక పేజీ మొదలుపెట్టింది, అదే తర్వాత మామ్స్ డిమాండ్ యాక్షన్ అనే, తుపాకుల మీద కట్టడి కోరే తల్లుల సంఘం అయింది. ఎర్ర చొక్కా మా గుర్తు. మా అమ్మాయి అప్పుడు ఒకటో తరగతి. అది వేసుకుని మొదటిసారి రాజధాని ఆస్టిన్ వెళ్లిన రోజు పిల్లకు పులిహోర డబ్బా కట్టి పక్కింటి వాళ్లకు అప్పజెప్పి బయలుదేరాను.

ఒక విషయం చాలామందికి తెలియదు. శాసనసభ భవనం ద్వారం దగ్గర మాలాంటి వాళ్లం బ్యాగులు తెరిచి, మెటల్ డిటెక్టరు దాటి వెళ్లాలి. తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లకు వేరే వరుస ఉంది, కార్డు చూపించి నేరుగా వెళ్లిపోవచ్చు. తుపాకీ లేకపోయినా సరే, క్యూ తప్పుతుందని లైసెన్సు తీసుకున్న లాబీయిస్టులు ఉన్నారు. నా చేతిలో పులిహోర స్పూను ఉంటే దాన్ని పక్కన పెట్టమన్నారు, పక్క వరుసలో ఆయన పిస్తోలుతో సహా నడిచి వెళ్లాడు.

2021లో పోలీసు అధికారులు కూడా వద్దన్నారు. డాలస్ పోలీసు చీఫ్ బహిరంగంగా వ్యతిరేకించాడు. ఏప్రిల్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం, టెక్సస్ ట్రిబ్యూన్ కలిసి చేసిన సర్వేలో 59 శాతం మంది ఓటర్లు లైసెన్సు లేకుండా వద్దన్నారు. అయినా జూన్‌లో సంతకం పడింది, సెప్టెంబరు 1 నుంచి అమలైంది.

గురిచూపు
2021 చట్టం విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. లైసెన్సుకు నాలుగు నుంచి ఆరు గంటల తరగతి, యాభై తూటాల పరీక్ష, 70 శాతం మార్కులు. రుసుము 40 డాలర్లు. అది పెద్ద భారం కాదు. ఆ పరీక్షలో నా పక్కన నిలబడ్డ ఒకాయన పిస్తోలును శిక్షకుడి వైపే తిప్పాడు. అది చూశాక పరీక్ష ఉండాల్సిందే అనిపించింది. లైసెన్సు పద్ధతి ఇప్పటికీ ఉంది, ఇష్టమైనవాళ్లు తీసుకోవచ్చు. నేను పునరుద్ధరించుకుంటూనే ఉన్నాను.

ఆలెన్‌వాసి
ఇక్కడ ఒక్క మాట. 2023 మే 6న మా ఊరి అవుట్‌లెట్ మాల్‌లో ఎనిమిది మందిని చంపారు. అందులో మన తెలుగమ్మాయి ఒకరు, ఇంజినీరు. ఆ మధ్యాహ్నం మేమూ అక్కడికే బయలుదేరి, పాప బూట్లు కనిపించక ఇరవై నిమిషాలు ఆలస్యమయ్యాం. అప్పటి నుంచి ఎవరి నడుము దగ్గరైనా నల్లటి వస్తువు కనిపిస్తే నా కాళ్లు ఆగిపోతాయి. బెండకాయలు వదిలేసి వెళ్లిన ఆ పెద్దావిడ నాకు అర్థమయ్యారు.

గురిచూపు
ఆలెన్‌వాసి గారూ, మీ బాధ ముందు నా వాదన చిన్నది. అయినా చెప్పాలి, అతను రైఫిల్‌తో చంపడానికే వచ్చాడు. ఓపెన్ క్యారీ, అంటే బయటికి కనిపించేలా పెట్టుకునే చట్టం, ఉన్నా లేకపోయినా వచ్చేవాడు.

ఎర్రచొక్కా
నిజమే, ఆ ఘటనను ఈ చట్టానికి నేనూ ముడిపెట్టను. అయితే 2016 జులై 7 గుర్తు తెచ్చుకోండి. డాలస్ ఊరేగింపులో ఐదుగురు పోలీసులను కాల్చి చంపారు. ఆ ఊరేగింపులో ఇరవై ముప్ఫై మంది రైఫిళ్లు భుజాన వేసుకుని ఉన్నారు. కాల్పులు మొదలై జనం పరుగెత్తుతుంటే ఎవరు హంతకుడో, ఎవరు మామూలు మనిషో పోలీసులకు తెలియలేదు. ఒక అమాయకుడి ఫోటోను నిందితుడంటూ పోలీసులే పెట్టారు. ఆ సమయంలో ఎవరైనా అతన్ని కాల్చి ఉంటే?

గురిచూపు
ఒప్పుకుంటాను. అయితే 2019 డిసెంబరులో టెక్సస్‌లోనే వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో జరిగింది కూడా చూడండి. దుండగుడు ఇద్దరిని చంపాడు, స్వచ్ఛంద రక్షకుడు ఆరు సెకన్లలోపే అతన్ని ఆపాడు. ఆ తుపాకీ బయటికి కనిపించిందా లేదా అన్నది కాదు నేను చెప్పేది. దగ్గర ఉంది, వాడడం వచ్చు.

గుడిగంట
చర్చి మాట వచ్చింది కనుక. 2019 సెప్టెంబరు నుంచి ప్రార్థనాస్థలాలకు కూడా మిగతా స్థలాల నియమాలే, వద్దనుకుంటే బోర్డు పెట్టుకోవాలి. మా గుడి కమిటీలో దీని మీద నాలుగు సమావేశాలు జరిగాయి. గర్భగుడి ఎదుట చెప్పులే వదిలి వస్తాం, పిస్తోలు ఎలా రానిస్తామని పూజారి గారు ఒక్క మాట అన్నారు. బోర్డు పెట్టాం. ద్వారం దగ్గర పండుగ రోజుల్లో డ్యూటీలో లేని పోలీసును జీతమిచ్చి పెట్టుకుంటున్నాం.

వలసపక్షి
హెచ్‌వన్ వీసా మీద ఉన్నాను. నా సహోద్యోగి నన్ను షూటింగ్ రేంజ్‌కు రమ్మంటున్నాడు. వెళ్లవచ్చా? టెక్సస్‌లో లైసెన్సు అక్కర్లేదు కదా?

నిబంధనలరావు
ఆగండి, ఆగండి. రాష్ట్ర చట్టం వేరు, ఫెడరల్ చట్టం వేరు. హెచ్‌వన్, ఎఫ్‌వన్ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నదైనా చేతిలో ఉంటే కలిగి ఉన్నట్టే లెక్క కట్టే ప్రమాదం ఉంది. ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా అడుగు వేయవద్దు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

వలసపక్షి
ధన్యవాదాలు. వెంటనే రానని చెప్పేశాను.

కృష్ణ ఒడ్డున
గుంటూరు జిల్లా నుంచి చదువుతున్నాను. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు రావాలంటే చెప్పులు అరుగుతాయి. వచ్చినా, ఎన్నికల ప్రకటన రాగానే తుపాకీ తీసుకెళ్లి పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి. మా తాతగారి జోడు గొట్టాల తుపాకీ ఇంట్లో కంటే స్టేషనులోనే ఎక్కువ కాలం ఉంది. అక్కడ ఓటు వేయడానికి తుపాకీతో వెళ్తారా?

నిబంధనలరావు
లేదు, టెక్సస్‌లో పోలింగ్ కేంద్రంలోకి తుపాకీ నిషేధం. బడులు, కోర్టులు కూడా అంతే. మద్యం అమ్మకాల ఆదాయం సగం దాటిన బార్లలో ఎర్రటి 51 అంకె బోర్డు ఉంటుంది, అక్కడా కుదరదు.

బే_ఏరియా_భాస్కర్
మా కాలిఫోర్నియా చరిత్ర వేరు. 1967 మే 2న బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి హక్కుల బృందం వాళ్లు తుపాకులు పట్టుకుని శాక్రమెంటో శాసనసభ భవనంలోకి నడిచారు. ఆ ఏడాదే తూటాలు నింపిన తుపాకులతో బయట తిరగడాన్ని నిషేధించే చట్టం వచ్చింది, సంతకం చేసింది అప్పటి గవర్నరు రోనాల్డ్ రేగన్. తూటాలు లేని పిస్తోలు బయటికి పెట్టుకునే వెసులుబాటు మిగిలింది. కొందరు అలా కాఫీ దుకాణాలకు వెళ్లి హక్కు చూపించబోయారు. 2011లో దాన్ని కూడా మూసేశారు. ఊరేగి చూపించడం వల్ల చట్టం రావచ్చు, ఉన్నది పోనూ వచ్చు.

టాంపా తమ్ముడు
మా ఫ్లోరిడాలో ఇంకో కథ. మొన్నటి వరకు దాచి పెట్టుకోవచ్చు, బయటికి కనిపించకూడదు అన్నది చట్టం. కానీ చేపలు పట్టేటప్పుడు, వేటకు వెళ్లేటప్పుడు మినహాయింపు ఉండేది. అందుకని ఉద్యమకారులు గాలం ఒక చేత్తో, నడుముకు పిస్తోలుతో వంతెనల మీద బారుగా కూర్చునేవారు! ఏళ్ల తరబడి శాసనసభలో బిల్లు కదలలేదు. చివరికి 2025 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

కడప కారం
చేపలు ఎన్ని పడ్డాయో ఎవరైనా లెక్కపెట్టారా తమ్ముడూ?

తులసికోట
నాది ఒక సందేహం. పౌరసత్వం లేనివాళ్లం కమిటీ ముందు మాట్లాడవచ్చా? గ్రీన్‌కార్డు వరుసలో పదకొండేళ్లుగా ఉన్నాను. పిల్లలు ఇక్కడే బడికి వెళ్తున్నారు.

ఎర్రచొక్కా
తప్పకుండా మాట్లాడవచ్చు అక్కా. టెక్సస్‌లో శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరం జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు నడుస్తుంది. బిల్లుల దాఖలు ముందటి నవంబరులోనే మొదలవుతుంది. కమిటీ విచారణ రోజున భవనంలో ఉన్న తెర మీద పేరు, బిల్లు నంబరు కొట్టి, అనుకూలమా, వ్యతిరేకమా, విషయం మీద మాత్రమేనా అని ఎంచుకోవాలి. పౌరసత్వం అడగరు. మాట్లాడటం భయమైతే ‘మాట్లాడను, నా అభిప్రాయం నమోదు చేయండి’ అని కూడా నొక్కవచ్చు. అది రికార్డులో ఉంటుంది. ఇంటి నుంచే మీ ప్రాంతపు సభ్యుడి కార్యాలయానికి ఫోను చేసి, పిన్‌కోడు చెప్పి, బిల్లు నంబరు చెప్పి, రెండు వాక్యాల్లో మీ మాట చెప్పవచ్చు. ఫోను తీసే కుర్రవాళ్లు అనుకూలం ఎన్ని, వ్యతిరేకం ఎన్ని అని లెక్క రాసుకుంటారు.

గురిచూపు
దీనికి నేనూ సంతకం చేస్తాను. మీరు ఏ వైపు చెప్పినా సరే, వెళ్లి చెప్పండి.

ఫ్రిస్కో ఫణి
ఇంత చేసి ఏం లాభం అక్కా? 59 శాతం వద్దన్నా ఆగలేదని మీరే అన్నారు.

ఎర్రచొక్కా
ఫణీ, 2023 మే 8 గురించి చెబుతాను. యువాల్డీ బడిలో కాల్పులకు 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను పోగొట్టుకున్న కుటుంబాలు నెలల తరబడి ఆస్టిన్ తిరిగాయి. కొన్ని రకాల రైఫిళ్లు కొనే వయసు 18 నుంచి 21కి పెంచమని అడిగాయి. ఆలెన్ ఘటన జరిగిన రెండు రోజులకు ఆ బిల్లు 8-5 ఓట్లతో కమిటీ దాటింది. ఇద్దరు రిపబ్లికన్లు కూడా ఓటేశారు. మరుసటి రోజు రాత్రి గడువులోగా సభ జాబితాలోకి ఎక్కక ఆగిపోయింది. కమిటీ దాటిన క్షణంలో ఆ తల్లులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఓడిపోయాం, ఒప్పుకుంటాను. కానీ ఆ ఐదు ఓట్లకు ఎదురుగా ఎనిమిది ఓట్లు వాటంతట అవి పడలేదు.

ఫ్రిస్కో ఫణి
తొందరపడి అన్నాను. క్షమించండి.

పప్పులడబ్బా
రెండు వారాలైంది, ఏం చేశానో చెప్పాలి కదా. మూడు బోర్డులు కాదు, 30.07 ఒక్కటే పెట్టాను, ముందు తలుపుకు, వెనక తలుపుకు. దాచుకుని తెచ్చేవాణ్ణి ఆపితే గురిచూపు గారి లాంటి వాళ్లను కూడా ఆపినట్టు అవుతుంది. రాత్రి తొమ్మిదింటికి కొట్టు మూసేటప్పుడు నాకూ భయమే. మా ఆవిడ దీనికి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

నిన్న ఆయన మళ్లీ వచ్చాడు. తలుపు దగ్గర ఆగి బోర్డు మొత్తం చదివాడు. నేను కౌంటరు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. వెనక్కి తన ట్రక్కు దగ్గరికి వెళ్లి, రెండు నిమిషాలకు ఖాళీ బెల్టుతో లోపలికి వచ్చాడు. ‘ఎవరైనా భయపడ్డారా?’ అని అడిగాడు. బెండకాయల పెద్దావిడ సంగతి చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకుని, ఆమె వస్తే తన తరఫున క్షమాపణ చెప్పమన్నాడు. నిన్న రాత్రి ఆమె కోడలికి ఫోను చేసి చెప్పాను.

తులసికోట
వచ్చారా ఆవిడ?

పప్పులడబ్బా
ఇంకా రాలేదు. వస్తారని లేత బెండకాయలు ఒక కిలో తీసి పక్కన పెట్టాను.

ఎర్రచొక్కా
జనవరిలో సభ మొదలవగానే ప్లేనో నుంచి ఆస్టిన్‌కు కారు తీస్తున్నాను. మూడు సీట్లు ఖాళీ. ఏ వైపు మాట్లాడేవారైనా రావచ్చు, దారి ఖర్చు నాది.

తులసికోట
నాకొకటి. పులిహోర నేను తెస్తాను.

గురిచూపు
నాకూ ఒకటి. నేను లైసెన్సు వరుసలో వెళ్లను, మీతోనే పెద్ద క్యూలో నిలబడతాను.